పిల్లలతో పులికాట్‌కు: తిరుపతి నుంచి రెండు రోజుల నీళ్ల సెలవు ఎలా వేసుకోవాలి

మన తిరుపతి, చిత్తూరు పక్క పిల్లలకు కొండ తెలుసు, మెట్లు తెలుసు, క్యూ తెలుసు. నీళ్లు మాత్రం తెలియవు. మా నాయన తరంలో ఈతకు మాస్టర్లు ఎవరూ లేరు. మొలకు ఎండు సొరకాయ కట్టి బావిలోకి దించితే వారం పది రోజుల్లో వాళ్లే నేర్చుకున్నారు. ఆ బావులు ఎండిపోయి బోర్లు వచ్చాయి. ఇప్పటి పిల్లలు నీళ్లను చూసేది బకెట్లోనూ, ఫోన్లోనూ. అందుకే సెలవులకు ఊరెళ్లి చెరువు కనబడితే వాళ్ల కాళ్లు ఆగవు.

నాలుగేళ్ల కిందట మా ఊరి చెరువులో మా తమ్ముడి కొడుకు అలాగే దిగాడు. మోకాలి లోతు నీళ్లే. నేను కట్ట మీదే ఉన్నాను. రెండడుగులు వేశాడో లేదో కనిపించలేదు. ఎండాకాలంలో ట్రాక్టర్లతో మట్టి తవ్వుకెళ్లిన గుంత అది. వానకు నిండి, పైన అంతా ఒకే చదునుగా ఉంది. వాడు అరవలేదు, చేతులు ఊపలేదు. గేదెలు తోలుకొచ్చిన పెద్దాయన ఒకరు తలగుడ్డ విప్పి విసిరితే వాడి చేతికి తగిలింది, పట్టుకున్నాడు, లాగేశాం. ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ అన్నం దిగలేదు. మా అమ్మ ఇక పిల్లల్ని నీళ్ల దగ్గరికే పంపొద్దు అంది. నేను మాత్రం దానికి ఒప్పుకోలేదు. దాచిపెడితే భయం పెరుగుతుంది, ఆశ పెరుగుతుంది, తెలివి పెరగదు. ఏడాదికి ఒక్కసారైనా సరైన చోటికి, సరైన నెలలో మనమే తీసుకెళ్లి, దగ్గరుండి నీళ్లతో ఎలా మెలగాలో నేర్పాలి. అప్పటి నుంచి ఏటా వెళ్తున్నాం. ఎలా వెళ్లాలో నాకు తెలిసినంత చెప్తాను.

చోటు: పులికాట్ ఎందుకు?

మన దేశంలో చిలికా తర్వాత అంతటి పెద్ద ఉప్పునీటి సరస్సు పులికాటే. శ్రీహరికోట దీవి దాన్ని బంగాళాఖాతం నుంచి వేరు చేస్తుంది. ఎక్కువ భాగం మన వైపు, కొంత తమిళనాడు వైపు. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు వచ్చినప్పుడు సూళ్లూరుపేట తిరుపతి జిల్లాలోకి వచ్చింది కాబట్టి ఇప్పుడిది మన జిల్లా సరస్సే. తిరుపతి నుంచి సూళ్లూరుపేట వంద కిలోమీటర్ల లోపే.

పిల్లలున్న ఇంటికి నేను పులికాటే చెప్పడానికి కారణం దాని లోతు. చాలా చోట్ల సగటున మీటరు కూడా ఉండదు. అలాగని ప్రమాదం లేదని కాదు, కింద బురద ఉంది, కాలవ పడ్డ చోట లోతూ ఉంది. అయినా జలపాతాల గుండాలతో పోలిస్తే ఇక్కడ మనిషి చేతిలో ఉన్నది ఎక్కువ. తలకోన, కైలాసకోన చూడటానికి ఎంత అందమో నాకూ తెలుసు. ఉబ్బలమడుగు కూడా వెళ్లొచ్చాను. కానీ పాచి పట్టిన బండలు, కింద కనిపించని గుండాలు, పైన ఎక్కడో వాన పడితే ఇక్కడ ఉన్నట్టుండి పెరిగే ప్రవాహం. అయిదారేళ్ల పిల్లలతో వెళ్లే చోట్లు కావవి. కల్యాణి డ్యాం తిరుపతికి తాగునీళ్లు ఇచ్చే చోటు, చూసి రావాలే గాని దిగకూడదు. రాయలచెరువు కట్ట మీద సాయంత్రం నిలబడితే చాలు, మనసు చల్లబడుతుంది. అక్కడా నీళ్లలోకి వద్దు.

నెల

డిసెంబరు చివరి వారం నుంచి ఫిబ్రవరి చివరి దాకా. దీన్ని మాత్రం మార్చకండి. అక్టోబరు నుంచి మనకు ఈశాన్య రుతుపవనాలు, వాయుగుండాలు. 2021 నవంబరులో తిరుపతి వీధుల్లో కార్లు కొట్టుకుపోవడం, రాయలచెరువు కట్టకు లీకేజీ వచ్చి కింది ఊళ్లను ఖాళీ చేయించడం ఎవరం మర్చిపోలేదు. ఆ వానలకే సరస్సు నిండుతుంది, పక్షులు దిగుతాయి. వానలు ఆగి, నీళ్లు నిండుగా ఉండి, ఎండ ముదరని ఆ రెండు నెలలే మనవి. మార్చి దాటితే నీళ్లు వెనక్కిపోతాయి, ఉప్పు పెరుగుతుంది. మే నెలలో వెళ్తే ఉత్తరం వైపు చాలా దూరం నెర్రెలిచ్చిన నేలే కనిపిస్తుంది.

జనవరిలో ఫ్లెమింగో ఫెస్టివల్, అంటే రాజహంసల పండగ, జరిపే ఆనవాయితీ ఉంది. కొన్నేళ్ల విరామం తర్వాత 2025 జనవరిలో మూడు రోజులు చేశారు. పండగ చూడాలంటే ఆ రోజుల్లో వెళ్లండి, నీళ్లు నేర్పాలంటే ఆ తర్వాతి వారం వెళ్లండి. పండగ రోజుల్లో పడవ దగ్గర తోపులాట ఉంటుంది, లాడ్జీలు దొరకవు. రాకెట్ ప్రయోగం ఉన్న రోజు కూడా అంతే. పిల్లలకు రాకెట్ చూపించాలనుంటే ఇస్రో వెబ్‌సైట్‌లో ముందుగా పేర్లు నమోదు చేసుకుని శ్రీహరికోటలోని వీక్షణ గ్యాలరీకి వెళ్లొచ్చు, కానీ దాన్ని వేరే ప్రయాణంగా పెట్టుకోండి. రెండూ కలిపితే రెండూ సరిగా చూడలేం.

రెండు వారాల ముందు ఇంట్లో చేయాల్సింది

సరస్సు దగ్గర పిల్లలకు ఏదీ మొదటిసారి కాకూడదు. ముందు ఒక ఆదివారం ఈతకొలనుకు తీసుకెళ్లి రెండే రెండు నేర్పించండి. ముఖం నీళ్లలో పెట్టి బుడగలు వదలడం ఒకటి, వెల్లకిలా పడుకుని తేలడం ఇంకొకటి. ఈత రాకపోయినా పర్లేదు, వెల్లకిలా తేలి ఊపిరి తీసుకోగలిగితే మనం చేరేదాకా ఆ బిడ్డకు సమయం దొరుకుతుంది. మొదట మెడ బిగిస్తారు. మీ అరచెయ్యి తల కింద పెట్టి “చెవుల్లోకి నీళ్లు రానీ నాన్నా, ఏమీ కాదు” అని చెప్తూ ఉంటే పదో సారికి మెడ వదులుతారు. ఆ వదిలిన క్షణం మీ చేతికే తెలుస్తుంది.

ఇంకో ఆదివారం చంద్రగిరి కోట. అక్కడి చిన్న చెరువులో టూరిజం వాళ్లు బోటింగ్ నడుపుతుంటారు. ఆ రోజు ఉందో లేదో ముందే కనుక్కుని వెళ్లండి. పడవలో లేచి నిలబడకూడదని, పక్కకు వంగి నీళ్లు తాకకూడదని పదిసార్లు చెప్పే బదులు అక్కడ పావుగంట తిప్పితే చాలు. పడవ కొంచెం ఒరగ్గానే వాళ్లంతట వాళ్లే కుదురుగా కూర్చుంటారు.

లైఫ్ జాకెట్ గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. పడవల దగ్గర ఇచ్చేవి చాలావరకు పెద్దవాళ్ల సైజువి. మా చిన్నదానికి అయిదేళ్లప్పుడు అలాంటిదే తొడిగారు. చూడ్డానికి బాగానే ఉంది. నాకెందుకో అనుమానం వచ్చి రెండు భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగాను. జాకెట్ గడ్డం దాటి చెవుల దాకా వచ్చేసింది, పిల్ల మాత్రం కిందే ఉంది. నీళ్లలో పడితే జరిగేది సరిగ్గా అదే, జాకెట్ తేలుతుంది, బిడ్డ జారిపోతుంది. అందుకని పిల్లల బరువుకు సరిపోయేది, కాళ్ల మధ్య నుంచి వచ్చే పట్టీ ఉన్నది మీరే కొనుక్కోండి. మీద ఎన్ని కిలోల వారికో రాసి ఉంటుంది, చూసి తీసుకోండి. ఇంట్లో తొడిగి భుజాల దగ్గర లాగి చూడండి. గాలి ఊదే ట్యూబులు, చేతులకు తొడిగే బుడగలు ఆటబొమ్మలు, వాటిని నమ్మొద్దు. పిల్ల గోల చేస్తే తాతగారి సొరకాయ కథ చెప్పండి. ఇదీ సొరకాయే అంటే మా ఇంట్లో ఒప్పుకుంది, రాత్రి జాకెట్ తోనే పడుకుంటానంది.

ఎవరు ఎవరిని చూసుకోవాలి

రెండు మూడు కుటుంబాలు కలిసి వెళ్తే సరదా. కానీ “అందరం ఉన్నాం కదా” అనుకున్న చోటే పిల్లలు తప్పిపోతారు, ఒకరు చూస్తున్నారులే అని ఇంకొకరు అనుకుంటారు. బయల్దేరే ముందే పేర్లు చెప్పి పంచుకోండి. ఏడేళ్ల లోపు ప్రతి బిడ్డకూ ఒక పెద్ద మనిషి, చెయ్యి చాస్తే అందేంత దూరంలో. నీళ్ల పక్కన ఉన్నంతసేపూ ఒకరు కాపలా. ఆ మనిషి ఫోన్ పట్టుకోడు, ఫొటోలు తీయడు, కబుర్లు చెప్పడు. ఇరవై నిమిషాలకు ఒకసారి మారండి, మారేటప్పుడు “ఇప్పుడు నువ్వు చూడు వదినా” అని నోటితో చెప్పి, ఆమె సరే అన్నాకే కదలండి.

సంచిలో

పాతబడిన, వెనక పట్టీ ఉన్న చెప్పులు అందరికీ ఉండాలి. పులికాట్ అడుగున గుల్లల ముక్కలు చాలా ఉంటాయి, బ్లేడులా కోస్తాయి. టోపీలు, మనిషికి రెండు జతల బట్టలు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, దోమల క్రీము, ఫోన్లకు జిప్ కవర్లు, పదిహేను మీటర్ల నైలాన్ తాడు, మూత గట్టిగా ఉన్న ఖాళీ అయిదు లీటర్ల క్యాను ఒకటి. ఈ చివరి రెండూ ఎందుకో కింద చెప్తాను. బైనాక్యులర్ ఉంటే తప్పకుండా తీసుకెళ్లండి, లేకపోతే ఎవరినైనా అడిగి తెచ్చుకోండి. అది లేకపోతే రాజహంస ఒక చుక్కే.

తిండి ఇంటి నుంచే. పులిహోర, పెరుగన్నం, నిప్పట్లు, ఉడకబెట్టిన చెనిక్కాయలు. నీళ్లు తాగినంత తాగేట్టు తీసుకెళ్లండి, సరస్సు ఒడ్డున దుకాణాలు వెతుక్కోలేం. మరుగుదొడ్ల సంగతి ఆడవాళ్లూ పిల్లలూ ముందే ఆలోచించుకోవాలి, సూళ్లూరుపేటలో బస చేసిన చోటే పని చూసుకుని బయల్దేరడం మేలు.

మొదటి రోజు: నేలపట్టు

మధ్యాహ్నం భోంచేసి తిరుపతిలో బయల్దేరితే శ్రీకాళహస్తి, నాయుడుపేట మీదుగా సాయంత్రం వెలుగుండగానే నేలపట్టు పక్షుల చెరువు చేరొచ్చు. దొరవారిసత్రం మండలంలో, హైవేకు దగ్గర్లోనే ఉంటుంది. చెరువులో సగం మునిగిన చెట్ల మీద గూడబాతులు (పెలికాన్లు) గూళ్లు కట్టుకుని పిల్లల్ని పెంచుతుంటాయి. పొద్దున్నే పులికాట్‌కు ఎగిరిపోయి చేపలు పట్టుకుని సాయంత్రం తిరిగొస్తాయి, కాబట్టి మనం వెళ్లాల్సింది సాయంత్రమే. వాలే ముందు కాళ్లు ముందుకు చాచి, రెక్కలు వెనక్కి వంచి, బస్సు బ్రేకేసినట్టు ఆగుతాయి. పిల్లలకు అది చూపించండి.

ఆ ఊళ్లవాళ్లు తరతరాలుగా ఈ పక్షుల జోలికి పోరు. రెట్టలు కలిసిన చెరువు నీళ్లు పారితే పంట బాగా వస్తుందని వాళ్ల అనుభవం. మనమూ మెల్లగా మాట్లాడాలి, పాటలు పెట్టకూడదు.

రాత్రికి సూళ్లూరుపేట. తొందరగా పడుకోండి.

రెండో రోజు పొద్దున

ఆరున్నరకల్లా శ్రీహరికోట రోడ్డు మీద ఉండాలి. సరస్సు మధ్య నుంచే వెళ్తుంది ఆ రోడ్డు, రెండు పక్కలా నీళ్లే. అటకానితిప్ప దగ్గర కారును రోడ్డు నుంచి పూర్తిగా దించి ఆపండి, షార్ (శ్రీహరికోట రాకెట్ కేంద్రం) ఉద్యోగుల బస్సులు వేగంగా వెళ్తుంటాయి. పిల్లల్ని రోడ్డు వైపు తలుపు నుంచి దించకండి. చెక్‌పోస్టు దాకా వెళ్లాల్సిన పని లేదు.

మొదట ఏమీ కనిపించదు. దూరంగా నీళ్ల అంచున ఎవరో లేత గులాబీ చీర ఆరేసినట్టు ఒక గీత ఉంటుంది. బైనాక్యులర్ పెడితే ఆ చీర కదులుతుంది. వందల రాజహంసలు తలలు తలకిందులుగా నీళ్లలో పెట్టి, బురదలోంచి చిన్న రొయ్యలు, నాచు వడకట్టుకుని తింటుంటాయి. ఆ తిండిలోని రంగే వాటి రెక్కల్లోకి దిగుతుంది. బూడిదరంగులో కనిపించేవి ఇంకా పిల్లలు. మా పెద్దాడు అది విని, అయితే క్యారెట్ తింటే నేనూ అలా అవుతానా అని అడిగాడు. వాటిని లేపడానికి చప్పట్లు కొట్టడం, డ్రోన్ ఎగరేయడం చేయొద్దు. ఎంతో దూరం నుంచి వచ్చి తినడానికి దిగిన ప్రాణులవి.

పడవ

పడవల రేవు భీములవారిపాళెంలో ఉంది. సూళ్లూరుపేట నుంచి తడ దాటాక, చెన్నై హైవే మీద చెక్‌పోస్టు దగ్గర. పొద్దున పడవలు మొదలవగానే ఎక్కండి. మధ్యాహ్నం దాటితే సముద్రపు గాలి లేస్తుంది, నీళ్లు కుదురుగా ఉండవు.

ఎక్కే ముందు పడవ నడిపే అన్నతో రెండు నిమిషాలు మాట్లాడండి. ఎంతమందిని ఎక్కిస్తారు, ఎంతసేపు, ఎక్కడిదాకా, నిన్న గాలి ఎలా ఉంది. నీళ్ల మీద బతికేవాళ్లకు గాలి సంగతి వాతావరణ వార్తల కంటే ముందే తెలుస్తుంది. “ఇవాళ వద్దు సార్” అంటే మారుమాట లేకుండా వెనక్కి రండి. పిల్లలు ఏడుస్తారు, ఏడవనివ్వండి. పడవకు రాసిన లెక్క కంటే ఒక్కరు ఎక్కువ ఎక్కుతున్నా మీరు దిగిపోండి. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర జరిగిన పడవ ప్రమాదం మన ఇళ్లన్నీ టీవీలో చూశాయి. అది చూసినవాళ్లం మొహమాటానికి సర్దుకుని కూర్చోకూడదు.

జాకెట్లు ఒడ్డున్నే తొడిగి, బకిల్స్ అన్నీ పెట్టి, ఎక్కండి. పడవలో వేసుకుందాంలే అంటే వేసుకోరు. పెద్దవాళ్లూ వేసుకోవాలి. అమ్మ వేసుకోని జాకెట్‌ను బిడ్డ ఎందుకు వేసుకుంటుంది? చున్నీలు కారులో వదిలేయండి, చీర కట్టుకున్నవాళ్లు కొంగు గట్టిగా దోపుకోండి, మోటారు దగ్గర వేలాడే గుడ్డ ఏదీ ఉండకూడదు.

అవ్వ, తాత ఉంటే వాళ్లను ముందు ఎక్కించండి. ఒకరు పడవలో నిలబడి చెయ్యి ఇవ్వాలి, ఒకరు ఒడ్డున నడుం దగ్గర పట్టుకోవాలి, పడవ అన్న తాడు బిగించి పట్టుకోవాలి. కాలు పడవ అంచు మీద కాదు, మధ్యలో పడాలి, పడగానే కూర్చోవాలి. తర్వాత పిల్లలు ఒక్కొక్కరు. దిగేటప్పుడు అందరూ ఒకే పక్కకు లేవకూడదు, పడవలు ఒడ్డున ఒరిగేది అప్పుడే.

లోపలికి వెళ్లాక ఒక అయిదు నిమిషాలు మోటారు ఆపమని అడగండి. కొన్నిచోట్ల గెడతో తోస్తారు. గెడ పైకి తీసినప్పుడు దాని మీద బురద ఎంతవరకు అంటిందో, తడి ఎంతవరకు ఉందో పిల్లలకు చూపించండి. పైన తేటగా ఉన్నా అడుగున ఏముందో నీళ్లు చెప్పవని మా తమ్ముడి కొడుక్కి ఆ గెడ చూశాకే బాగా ఎక్కింది. “పెదనాన్నా, ఆ రోజు చెరువులో కూడా ఒక కర్ర పెట్టి చూసుంటే తెలిసేది కదా” అన్నాడు. నేను వాణ్ణి దగ్గరికి తీసుకున్నాను.

ఒడ్డున కాళ్లు తడపడం

పడవ దిగాక పిల్లలు నీళ్లలోకి అంటారు. రేవు దగ్గర పనిచేసేవాళ్లను అడిగి, వాళ్లు చూపించిన చోటే దించండి. ముందు మీరు కర్రతో తడుతూ నడవాలి, తర్వాతే పిల్లలు. మోకాలి లోతు హద్దు. నడుం లోతుకు ఎంత బతిమాలినా వద్దు. కాలు బురదలో దిగబడితే గుంజకుండా, వెనక్కి కూర్చుని మెల్లగా తీయాలని ముందే చెప్పండి. ఒక వేలితో నీళ్లు నాలుకకు రాసుకోమనండి, సముద్రమంత ఉప్పు ఎందుకు లేదో వాళ్లే అడుగుతారు. కాళంగి, ఆరణి నదుల మంచినీళ్లు ఇందులో కలుస్తాయని చెప్పండి. అరగంట చాలు. ఎండకు, ఉప్పుకు అలసట తెలియకుండానే వస్తుంది.

అనుకోనిది జరిగితే

మునిగే బిడ్డ అరవదు. నోరు నీళ్లకు సమానంగా, తల వెనక్కి వాలి, నిలువుగా ఉంటుంది. చూసేవాళ్లకు ఆడుకుంటున్నట్టే ఉంటుంది. పిలిస్తే పలకకపోతే అనుమానించాల్సిందే. ఈత రాని మనిషి వెనకే దూకకూడదు. ఆ ఖాళీ క్యానుకు తాడు కట్టి విసరండి, అది తేలుతుంది, పట్టుకుంటే లాగొచ్చు. తాడు లేకపోతే చీర, తువ్వాలు, పొడవాటి కర్ర, ఏదైనా సరే.

బయటికి తీశాక తలకిందులు చేసి తిప్పడం, పొట్ట నొక్కి నీళ్లు కక్కించడం మన ఊళ్లలో ఇప్పటికీ చేస్తారు. దయచేసి చేయొద్దు, విలువైన నిమిషాలు పోతాయి. ఊపిరి ఆడకపోతే వెల్లకిలా పడుకోబెట్టి, తల కొద్దిగా వెనక్కి వంచి, ముక్కు మూసి, ముందు నోటితో ఊపిరి ఊదాలి. తర్వాత ఛాతీ మధ్యలో గట్టిగా, వేగంగా 30 సార్లు నొక్కి 2 సార్లు ఊదడం, అంబులెన్స్ వచ్చేదాకా ఆపకుండా. ఒకరు ఇది చేస్తుంటే ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి. తేరుకుని లేచి కూర్చున్నా ఆస్పత్రికి తీసుకెళ్లాల్సిందే, ఊపిరితిత్తుల్లోకి పోయిన నీళ్లు తర్వాత ఇబ్బంది పెట్టొచ్చు. వెళ్లే ముందు ఇంట్లో దిండు మీద ఒకసారి నొక్కి చూసుకోండి, చేతులకు అలవాటవుతుంది.

తిరుగు ప్రయాణం

సూళ్లూరుపేటలో భోంచేయండి. చేపల పులుసు, రొయ్యల వేపుడు దొరికే ఊరు. పిల్లలకు పీతలు మొదటిసారైతే కొంచెమే పెట్టి చూడండి, కొందరికి దద్దుర్లు వస్తాయి. కాళంగి ఒడ్డున చెంగాళమ్మ గుడి ఉంది, రాత్రీ పగలూ తెరిచే ఉంటుంది. మా అమ్మ ప్రతిసారీ అక్కడ ఆగి పిల్లలందరి తలలూ లెక్కపెట్టి దండం పెట్టుకుంటుంది.

ఇంటికి రాగానే చెప్పులు, జాకెట్లు, బకిల్స్ మంచినీళ్లతో కడిగి నీడన ఆరేయండి, ఉప్పు ఉంటే పట్టీలు పాడవుతాయి. గుల్ల గీసుకుందేమో అందరి పాదాలూ చూడండి, గాయముంటే టీటీ సంగతి కనుక్కోండి. జాకెట్ ఆరాక దాని మీద బిడ్డ ఇప్పటి బరువు పెన్నుతో రాసి పెట్టుకోండి. వచ్చే జనవరికి అది సరిపోతుందో లేదో అప్పుడు వెతుక్కోనక్కర్లేదు.